ఉప్పు తగినంత: టీవీ వంటగురువుల మీద తెగని వాదన

చెన్నై సాలిగ్రామంలోని మా ఇంట్లో టీవీ వంటల మీద వాదన రెండు భాషలలో జరుగుతుంది. మా అత్తగారు నెల్లూరు నుంచి కాపురానికి వచ్చి ఈ ఊళ్లోనే నలభై ఏళ్లు గడిపారు. ఆవిడకు తమిళ చానళ్లలో కనిపించే వెంకటేశ్ భట్ మీద గురి. మామగారు మాత్రం ఈటీవీ ‘అభిరుచి’ లాంటి కార్యక్రమాన్ని మించినది ఇంతవరకు రాలేదంటారు. కాలేజీకి వెళ్తున్న మా అమ్మాయికి విజయ్ టీవీలో వచ్చే ‘కుక్కు విత్ కోమాళి’ తప్ప మిగతావన్నీ నిద్రమాత్రలు. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చే మా ఆడపడుచు వీళ్లెవరినీ లెక్కచేయదు. ఫోన్‌లో విస్మయ్ ఫుడ్ అనే యూట్యూబ్ చానల్ పెట్టుకుని, అందులో చెప్పిన కొలతలు చెప్పినట్టు పాటిస్తే వంట తప్పదని వాదిస్తుంది. నలుగురూ తమకు నచ్చిన మనిషి ‘బాగా చేస్తాడు’ అనే అంటారు గానీ, ఆ మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం పెట్టుకున్నారని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఈ చిక్కును విప్పాలంటే ముందు ఒక మామూలు సంగతిని గుర్తుంచుకోవాలి. టీవీలో వండిన పదార్థాన్ని చూస్తున్నవాళ్లెవరూ తినలేరు. నలభీమపాకం అని వంటకు ఇద్దరు మగవాళ్ల పేర్లు పెట్టుకున్న జాతి మనది. ఆ ఇద్దరిలో నలుడి కథను ఇక్కడ తలచుకోవడం సందర్భోచితం. రూపం మారిపోయి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి కొలువులో ఉన్న నలుణ్ణి దమయంతి చూపుతో పోల్చుకోలేకపోయింది. చెలికత్తె కేశిని చేత అతడు వండిన మాంసాన్ని తెప్పించుకుని, ఒక ముక్క నోట్లో వేసుకున్నాక గానీ ఆమె అనుమానం తీరలేదు. మన పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. వండేవాడి ముఖం, మాట, చొక్కా రంగు, గరిటె తిప్పే తీరు అన్నీ మనకు తెలుసు, చేతి రుచి మాత్రం తెలియదు. రుచి అనే ఒక్క కొలబద్ద చేతిలో లేనప్పుడు ప్రేక్షకుడు గొంతులోని ఆప్యాయతను, వంటగది శుభ్రతను, తన అమ్మ చేసే పద్ధతికి అది ఎంత దగ్గరగా ఉందన్న లెక్కను, ఇలా అందుబాటులో ఉన్న ప్రతిదాన్నీ కొలబద్ద చేసుకుంటాడు. వాదన తెగకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ముఖం లేకుండా వంట నేర్పిన కాలం ఒకటి ఈ ఊరికే ఉంది. 1951లో ఎస్.మీనాక్షి అమ్మాళ్ ప్రచురించిన ‘సమైత్తు పార్’, అంటే ‘వండి చూడు’, ఇప్పటికీ తమిళ ఇళ్లలో కొత్త కోడళ్ల చేతికి వస్తూనే ఉంది. ఆవిడ ఎలా మాట్లాడేవారో, నవ్వితే ఎలా ఉండేవారో ఆ పుస్తకం చూసి వండేవాళ్లు ఎవరూ అడగలేదు, వాళ్లకు కావలసింది రసానికి పప్పు ఎంత, పులుసు ఎంత అన్నది మాత్రమే. టెలివిజన్ వచ్చాక ఆ సంబంధం మారింది. అమెరికాలో 1963లో బోస్టన్ ప్రజా టెలివిజన్ కేంద్రం నుంచి ఫ్రెంచి వంట నేర్పడం మొదలుపెట్టిన జూలియా చైల్డ్, బాగా పొడుగైన శరీరంతో, వింత గొంతుతో, వంట ఎంత ఇష్టమో మనిషి కూడా అంతే ఇష్టమయ్యేలా చేసింది. 1982లో బీబీసీలో భారతీయ వంట నేర్పిన మధుర్ జాఫ్రీ సంగతి ఇంకా విచిత్రం. ఆవిడ వృత్తికి నటి. నటన నేర్చుకోవడానికి లండన్ వెళ్లినప్పుడు ఆవిడకు వంట రాదు, ఢిల్లీ నుంచి తల్లి రాసి పంపిన ఉత్తరాలు చూసి నేర్చుకున్నారు. ‘హోటల్లో పనిచేసినవాడే వంట చెప్పాలి, సినిమావాళ్లకు ఇదెందుకు’ అనే మా మామగారికి నేను ఎప్పుడూ ఎదురు పెట్టే ఉదాహరణ ఇదే.

మన దేశంలో ఆ మలుపు 1993లో వచ్చింది. జీ టీవీలో ఆ ఏడాది మొదలైన ‘ఖానా ఖజానా’ సంజీవ్ కపూర్‌ను ఇంటింటి మనిషిని చేసింది, పదిహేడేళ్లకు పైగా నడిచింది. 2011లో ఆయన భాగస్వామ్యంతో ఫుడ్‌ఫుడ్ అనే వంటల చానల్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. అదే 1993లో చెన్నైలో సన్ టీవీ, మరో రెండేళ్లకు ఇక్కడి నుంచే తెలుగులో జెమిని టీవీ ప్రసారాలు మొదలుపెట్టడంతో, మధ్యాహ్నపు వేళ ఇళ్లలో ఉండే ఆడవాళ్ల కోసం వంట కార్యక్రమం లేని చానల్ అంటూ లేకుండా పోయింది. ఆ తెలుగు కార్యక్రమాల నడక ఆ తరానికి కంఠతా వచ్చు. ఎక్కడి నుంచో వచ్చిన ఒక గృహిణి వండుతుంది, పట్టుచీర కట్టుకున్న యాంకర్ పక్కన నిలబడి ‘ఇప్పుడు ఏం వేస్తున్నారండీ’ అని అడుగుతుంది, చివర ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని ‘అబ్బ, చాలా చాలా బాగుందండీ’ అంటుంది. వంట తెలిసిన మనిషి పేరు మరునాటికి ఎవరికీ గుర్తుండదు, తిని మెచ్చుకున్న మనిషి పేరు మాత్రం పదేళ్లు నిలుస్తుంది. ఇన్నేళ్లలో ఏ యాంకరూ ‘కొంచెం ఉప్పెక్కువైందండీ’ అనడం నేను వినలేదు.

ఆ పట్టుచీర స్థానంలోకి సినిమా తారలు వచ్చినప్పుడు రేగిన వాదన నిజానికి పాతదే. 2010లో మాస్టర్‌షెఫ్ ఇండియా అనే వంటల పోటీ మొదటి సీజన్‌కు అక్షయ్ కుమార్ వచ్చారు. 2021 ఆగస్టులో అదే పోటీకి తమిళంలో సన్ టీవీలో విజయ్ సేతుపతి, తెలుగులో జెమినిలో తమన్నా వచ్చారు. వాళ్లకు వంటేం తెలుసని ఒకరంటే, వాళ్లు లేకపోతే చూసేదెవరని మరొకరంటారు. ఈ వాదనలో రెండు పనులు కలగాపులగం అయ్యాయి. తీర్పు చెప్పేవారు ఒకరు, కార్యక్రమాన్ని నడిపించేవారు ఒకరు. తెలుగు మాస్టర్‌షెఫ్‌లో తీర్పరులు సంజయ్ తుమ్మ, చలపతిరావు, మహేష్ పడాల, ముగ్గురూ పొయ్యి దగ్గర పండినవాళ్లే. సీజన్ మధ్యలో తమన్నా స్థానంలో అనసూయ వచ్చినప్పుడు పోటీదారుల పళ్లేలలో కూర మారలేదు, దాన్ని కొలిచే నాలుకలూ మారలేదు. తార వల్ల వంటకు నష్టం జరిగిందని వాదించేవాళ్లు ఆ సంగతికి ఏం సమాధానం చెబుతారో నాకు తెలియదు.

‘కుక్కు విత్ కోమాళి’ దగ్గర మాత్రం ఆ గీత చెరిగిపోతుంది. 2019 నవంబరులో మొదలైన ఈ కార్యక్రమంలో కొద్దో గొప్పో వంట తెలిసిన టీవీ ముఖాలకు, కరివేపాకుకూ కొత్తిమీరకూ తేడా తెలియని హాస్యనటులను జంటగా కడతారు. కోమాళి అంటే విదూషకుడు. తీర్పు కుర్చీలో కూర్చున్నవాళ్లు మాత్రం సామాన్యులు కారు. దాము అని అందరూ పిలిచే దామోదరన్ 2010లో ఇరవై నాలుగు గంటలకు పైగా ఆగకుండా వండి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కినవారు, పక్కనే పెద్ద హోటళ్ల వంటశాలలలో పనిచేసి వచ్చిన వెంకటేశ్ భట్. అంతటివాళ్లు చేతిలో బెత్తం పట్టుకుని, జోకులకు పగలబడి నవ్వుతూ, తలమీద పిండి పోయించుకుంటూ కూర్చోవడం వృత్తికి అవమానమని కొందరు బాధపడ్డారు. మా అత్తగారు కూడా మొదట్లో ‘అంత పెద్దాయనకు ఈ కోతివేషాలెందుకు’ అని గొణిగారు. కరోనా రోజుల్లో రెండో సీజన్ వచ్చినప్పుడు ఆవిడే రాత్రి తొమ్మిదింటికి ముందే గిన్నెలు కడిగేసి వచ్చి కూర్చున్నారు. అప్పుడు బయట మనుషులు మాయమైపోతున్నారు, ఇంట్లో నవ్వు కావలసి వచ్చింది. వంట అక్కడ సాకు మాత్రమే.

అది సాకేనని 2024లో బాగా తేలిపోయింది. ఆ ఏడాది వెంకటేశ్ భట్ తప్పుకుని సన్ టీవీలో ‘టాప్ కుక్కు డూప్ కుక్కు’కు వెళ్లారు, ఆయన కుర్చీలోకి మాదంపట్టి రంగరాజ్ వచ్చారు. అదే సీజన్‌లో ఒక యాంకర్, పోటీదారుగా వచ్చిన మరో యాంకర్ తన పనిలో జోక్యం చేసుకుంటున్నారంటూ మధ్యలోనే వెళ్లిపోయారు. తమిళనాడంతా కొన్ని వారాలు ఎవరి పక్షం ఎవరిదని కొట్టుకుంది. వంట కార్యక్రమం మీద జరిగిన అంత పెద్ద గొడవలో ఒక్క కూర పేరు కూడా వినబడలేదు. 2025లో స్టార్ మాలో ఇదే పద్ధతిలో ‘కుక్కు విత్ జాతిరత్నాలు’ వచ్చి, సంజయ్ తుమ్మ అందులో తీర్పరిగా కూర్చున్నప్పుడు తెలుగులో కూడా అవే ప్రశ్నలు మొదలయ్యాయి. ఈ కార్యక్రమాలను వంట నేర్పలేదని తప్పుపట్టడం, బుర్రకథకుడు చరిత్ర పాఠం సరిగా చెప్పలేదని కోప్పడటం లాంటిదని నా అభిప్రాయం.

నేర్పుతామని చెప్పి నేర్పని కార్యక్రమాల సంగతి వేరు. నా కోపమంతా వాటి మీదనే. మన దేశంలో టీవీ ప్రకటనలు గంటకు పన్నెండు నిమిషాలు మించరాదని కేబుల్ టెలివిజన్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ లెక్కన అరగంట కార్యక్రమంలో మిగిలేది ఇరవై నాలుగు నిమిషాలు, పలకరింపులు, పదార్థాల పట్టిక, చివరి రుచి చూడటం పోగా పొయ్యి మీద గిన్నె నిజంగా కనిపించేది పది పన్నెండు నిమిషాలు. ఏ వంటా ఈ కొలతకు లొంగదు కాబట్టి, సగం వండినది ఒకటి, పూర్తిగా వండినది ఒకటి ముందే సిద్ధం చేసి పెట్టుకుంటారు. అందులో తప్పు లేదు. తప్పు, ఆ దాచిన సమయాన్ని చెప్పకపోవడంలో ఉంది. ‘ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేదాకా ఒక ఐదు నిమిషాలు వేయించుకోండి’ అన్న వాక్యం విని, ఐదో నిమిషంలో తెల్లగా నీరోడుతున్న మూకుడు వైపు చూస్తూ తన చేతకానితనానికి కుమిలిపోయిన కొత్త కాపురాలు ఎన్నో. ఉల్లిపాయలో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు ఆవిరైపోయేదాకా మూకుట్లో వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది, రంగు మారడం అంతకు చాలా పైన గానీ మొదలవదు. అర కిలో ఉల్లిపాయలకు ఇంటి పొయ్యి మీద ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదు. ఆ మాట చెప్పడానికి అరనిమిషం చాలు, అయినా చెప్పరు.

ఆవకాయ సంగతి ఇంకా ఘోరం. ఒక ఏడాది వేసవిలో ఒక చానల్లో పేరున్న వంటాయన, గుండెకు మంచిదంటూ ఉప్పూ నూనే సగానికి తగ్గించిన ఆవకాయ చూపించారు. మా మామగారికి అప్పుడే రక్తపోటు బయటపడింది. నేను నమ్మి, పది కాయలతో అలాగే పెట్టాను. ఆషాఢం వచ్చేసరికి జాడీలో పైన తెల్లటి బూజు తేలింది. ఆవకాయలో ఉప్పు రుచి కోసం మాత్రమే వేసేది కాదు, ముక్కలలోని నీటిని బయటికి లాగి, ఆ ఊటను సూక్ష్మజీవులు బతకలేనంత ఉప్పగా చేసేది అదే. పైన నిలిచే నువ్వుల నూనె గాలిని అడ్డుకుంటుంది. ఈ రెండింటినీ సగానికి కోసినప్పుడు అది ఊరగాయగా మిగలదు, నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెట్టుకుని తినవలసిన కూరగా మారుతుంది. ఆ మాట ఆయన అనలేదు. పైగా కలిపిన ఐదు నిమిషాలకే యాంకర్ ముక్క కొరికి అద్భుతమన్నది. మూడో రోజు తిరగకలిపేదాకా ఆవపిండి చేదు దిగదని, ముక్క ఊరడానికి వారాలు పడుతుందని తెలిసిన ఏ తెలుగు ఇల్లాలికైనా అక్కడే అనుమానం రావాలి. నాకు రాలేదు. తెల్లకోటు వేసుకున్న మనిషి చెబుతున్నప్పుడు మా అమ్మ చెప్పింది కూడా మరచిపోయానన్నది నేను ఒప్పుకోవలసిన విషయం.

అందుకే నేర్పేవాడిని కొలవడానికి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. తప్పు జరిగే చోటును ముందుగా చెబుతాడా లేదా అన్నదే చూస్తాను. జూలియా చైల్డ్ ఒకసారి బంగాళాదుంప అట్టును పెనం మీద ఎగరేసి తిప్పబోతే సగం పొయ్యి మీద పడింది. ఆవిడ దాన్ని చేత్తో ఎత్తి మళ్లీ పెనంలో పెట్టి, వంటగదిలో ఒక్కదానివే కదా, ఎవరు చూస్తారన్న ధోరణిలో ప్రేక్షకులకు ధైర్యం చెప్పింది. చెప్పుకోగా చెప్పుకోగా ఆ అట్టు జనం నోట్లో నేలమీద పడ్డ కోడిగా మారింది గానీ, నిజంగా జరిగినదే దానికన్నా విలువైనది. మా ఆడపడుచు విస్మయ్ ఫుడ్‌ను మెచ్చుకోవడంలో ఉన్న సత్యం కూడా ఇదే అనుకుంటాను. కొలతలు విడిగా చెప్పి, ఎక్కడ మంట తగ్గించాలో, తగ్గించకపోతే ఏమవుతుందో చెప్పే అలవాటు మన పాత కార్యక్రమాలలో లేదు. వాటిలో పట్టిక చివర ఎప్పుడూ ఒకటే మాట ఉండేది: ఉప్పు తగినంత.

చెన్నై తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఫిర్యాదు ఇంకొకటి ఉంది. తమిళ వంట కార్యక్రమాలలో ‘ఆంధ్రా’ అన్న మాట చేర్చగానే అందులో గుప్పెడు ఎండుమిరపకాయలు పడతాయి. అరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్న ఆంధ్రా మెస్సుల కారం తప్ప మన వంటలో వాళ్లకు మరేమీ కనబడలేదా అని మా అత్తగారు నొచ్చుకుంటారు. గోంగూరను పుళిచ్చకీరై అని పిలిచి, అందులో కొబ్బరి వేసి, ‘ఇదే ఆంధ్రా స్పెషల్’ అన్న రోజున ఆవిడ రిమోట్ బల్ల మీద పడేసి లేచిపోయారు. ఈ బాధ మన ఒక్కరిదే కాదు. బ్రిటిష్ టీవీ వంటగురువు జామీ ఆలివర్ 2014లో పశ్చిమ ఆఫ్రికా వారి జొల్లాఫ్ అన్నాన్ని, 2016లో స్పెయిన్ వారి పాయెల్లా అనే అన్నపు వంటకాన్ని తన పద్ధతిలో వండి ఆ రెండు చోట్ల జనం చేతా తిట్లు తిన్నాడు. వంట మారకూడదని ఎవరూ అనరు. మనమే మన సాంబారులో బెల్లం వేస్తే తమిళ పొరుగావిడ ముఖం ముడుచుకుంటుంది, అయినా వేస్తున్నాం. కోపమంతా పేరు దగ్గరే. తన ఇంటి మార్పును ఇంకొకరి ఊరి పేరుతో చూపించినప్పుడు ఆ ఊరివాళ్లకు అది దొంగ సంతకంలా కనిపిస్తుంది. అయితే మా అత్తగారి పక్షాన పూర్తిగా నిలబడలేను, ఎందుకంటే మన చానళ్లలో ‘చెట్టినాడు’ అన్న మాటకు పట్టిన గతి కూడా సరిగ్గా ఇదే.

మడి, ఆచారాల తగువు కూడా దీనికి చుట్టమే. 2023లో మాస్టర్‌షెఫ్ ఇండియాలో చెన్నై నుంచి వెళ్లిన ఒక జైన పోటీదారుకు చేపకు బదులు పనీర్ వండే వెసులుబాటు ఇచ్చారని చాలామంది మండిపడ్డారు. అంతకు ముందు 2015లో ఆ పోటీలో ఒక సీజన్ మొత్తాన్ని శాకాహారంతోనే నడిపినప్పుడూ ఇలాగే జరిగింది. వండినదాన్ని తాను రుచి చూడలేని మనిషిని ఆ పోటీలో ఎలా కొలవాలన్నది న్యాయమైన ప్రశ్నే. నా మటుకు నాకు, నియమం ముందే అందరికీ చెప్పి ఉంటే తగువు ఉండేది కాదనిపిస్తుంది.

డబ్బు సంగతి త్వరగా తేల్చవచ్చు. సంజీవ్ కపూర్ వండర్‌షెఫ్ అనే వంటసామాను సంస్థకు భాగస్వామి, ఆ విషయం దాచలేదు. తన పేరున ఉన్న కుక్కర్ అమ్ముకునేవాడి మీద నాకు అభ్యంతరం లేదు. డబ్బు పుచ్చుకున్న సంగతి చెప్పకుండా, ఫలానా మసాలా లేకపోతే కూరకు రుచి రాదనేవాళ్ల మీదే ఉంది. 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, సామాజిక మాధ్యమాలలో డబ్బు తీసుకుని చేసే ప్రచారానికి ఆ సంగతి తెలిపే గుర్తు ఉండి తీరాలని మార్గదర్శకాలు ఇచ్చింది. పాటించేవాళ్లు పాటిస్తున్నారు.

వీళ్లందరికీ అవతల, కెమెరా ముందు ఏ హంగూ లేకుండా గెలిచినవాళ్లున్నారు. గుంటూరు జిల్లా పల్లెలో నూరేళ్లు దాటిన వయసులో ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండి, కంట్రీ ఫుడ్స్ యూట్యూబ్ చానల్ ద్వారా ప్రపంచానికి తెలిసిన మస్తానమ్మ 2018 డిసెంబరులో కన్నుమూసినప్పుడు మా వీధిలో తమిళ ఇళ్లవాళ్లు కూడా ఆవిడ గురించి మాట్లాడుకున్నారు. పుదుక్కోట్టై జిల్లా చిన్న వీరమంగళంలో తాతా మనవళ్లు కలిసి నడిపే విలేజ్ కుకింగ్ చానల్‌కు 2021లో కోటి మంది చందాదారులు దాటారు. ఆ ఏడాది జనవరిలో రాహుల్ గాంధీ వాళ్లతో కూర్చుని పుట్టగొడుగుల బిర్యానీ తిన్నారు. వీళ్లను చూసి ఎవరైనా వంట నేర్చుకున్నారా అంటే సందేహమే. అక్కడ కొలత ఉండదు, చేటల లెక్కన ఉల్లిపాయలు పడతాయి. అయినా వాళ్ల మీద వాదన లేదు, ఎందుకంటే వాళ్లు ఏమీ నేర్పుతామనలేదు. తిన్నది ఊరి పిల్లలూ అనాథలూ వృద్ధులూ కావడం కూడా అందుకు కారణం. కెమెరా ముందు ఒక్క చెంచా రుచి చూసి వదిలేసే పళ్లెం అక్కడ లేదు.

మా అత్తగారి దగ్గర 1996 నాటి ఒక బ్యాంకు డైరీ ఉంది. టీవీలో చూసిన ప్రతి వంటనూ అందులో తేదీతో, చేసినవారి పేరుతో తెలుగులో రాసుకున్నారు. తమిళ చానల్లో విన్నది కూడా తెలుగులోనే ఉంటుంది, కొలతలు మాత్రం గిద్దె, సోల అని ఆవిడ నెల్లూరు లెక్కలోకి మారిపోతాయి. పక్కనే వేరే సిరాతో, వండి తిన్న తర్వాత రాసిన చిన్న మాటలుంటాయి. ‘నీళ్లు చాలలేదు’, ‘ఈయన చెప్పిన చింతపండులో సగం చాలు’, ‘పిల్లలు తినలేదు’, ఒకచోట రెండు గీతలు కింద గీసి ‘అబద్ధం’. ఆవిడ ఎంతో ఇష్టపడే వెంకటేశ్ భట్ పేరు ఉన్న పేజీల మీద కూడా దిద్దుబాట్లున్నాయి, అన్నిటికన్నా ఎక్కువ ఆయన పేజీల మీదే. ‘ఆయనంటే అంత ఇష్టమంటారు, ఇన్ని తప్పులు పట్టారేంటి అత్తయ్యా’ అని మొన్న అడిగాను. ‘మిగతావాళ్లవి ఒక్కసారి చేసి వదిలేశానే, ఈయనవి మళ్లీ మళ్లీ చేస్తాను, దిద్దుకోకపోతే ఎట్టా’ అన్నారు.